జపాన్ హోటల్లో భోజనం: మాటలు తెలుగు లిపిలోనే రాసుకోండి

కొలువుకో చదువుకో జపాన్ పోవడానికి తయారయ్యే అనంతపురం, కర్నూలు, కడప పిల్లలు చాలామంది భోజనం మాటల పట్టీని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకుని బట్టీ పడతారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. జపనీస్‌లో హ్రస్వం దీర్ఘమైతే అర్థమే మారిపోతుంది. ‘బీరు’ అంటే బీరే, ‘బిరు’ అంటే బిల్డింగు. ఇంగ్లీషు స్పెల్లింగులో ఈ తేడా సరిగా కనపడదు, మన గుడి దీర్ఘంలో స్పష్టంగా కనపడుతుంది. అందుకని ఒక చిన్న నోటుబుక్కు తీసుకుని అన్నీ తెలుగులోనే రాసుకోండి.

ముందు పలుకుబడి. అక్కడి త, ద మన త, ద లాంటివే. ట, డ పలకొద్దు. ఎ, ఒ హ్రస్వాలు మనకున్నట్టే ఉన్నాయి. ‘త్సు’ అని ఇక్కడ రాస్తున్నది కొత్త శబ్దమేమీ కాదు, చుక్క, చుట్టం అనేటప్పుడు పెద్దవాళ్ల నోట వినపడే దంత్య ‘చు’. ‘చి’, ‘చూ’ వచ్చినచోట మాత్రం చిలకలోని చ. ‘మిజు’ (నీళ్లు) లో ఉన్నది జున్నులోని జు. ‘ఫు’ అనేటప్పుడు పళ్లు పెదవికి తగలకూడదు, పొయ్యి ఊదినట్టు అనాలి. మనవాళ్లు ఎక్కువ తప్పేది మాట చివర. బస్‌ను బస్సు చేసే అలవాటు కొద్దీ వాక్యం చివర వచ్చే ‘దెసు’, ‘మసు’లను నిండుగా పలుకుతారు. వాళ్లు ఆ చివరి ఉకారాన్ని దాదాపు మింగేసి ‘దెస్’, ‘మస్’ అంటారు.

ఇంకొక జాగ్రత్త. మనకు హోటల్ అంటే తిండి దొరికే చోటు. అక్కడ ‘హొతెరు’ అంటే బస చేసే చోటే. తినడానికైతే ‘రెస్తొరన్’ అనో ‘షొకుదో’ అనో అడగండి.

మాటల్ని అక్షర క్రమంలో కాదు, భోజనం సాగే క్రమంలో నేర్చుకోవాలి. లోపలికి అడుగు పెట్టగానే ‘ఇరష్షయిమసె’ అంటారు. అది స్వాగతం, బదులు చెప్పక్కర్లేదు. వెంటనే ‘నన్మేసమ దెస్ క’ అని ఎంతమందో అడుగుతారు. ఒక్కరైతే ‘హితొరి దెస్’, ఇద్దరైతే ‘ఫుతరి దెస్’, ముగ్గురికి ‘సన్నిన్’, నలుగురికి ‘యొనిన్’. నాలుగుకు ‘షి’ అనే పేరు కూడా ఉంది కదా అని ‘షినిన్’ అనొద్దు, ఆ మాటకు చనిపోయిన మనిషి అని అర్థం.

సర్వరును పిలవడానికి ‘సుమిమసెన్’. కాస్త గట్టిగా పిలిచినా తప్పు పట్టరు. మెనూ మీద వేలు పెట్టి ‘కొరె ఒ ఫుతత్సు కుదసయి’ అంటే ‘ఇది రెండు ఇవ్వండి’. మాటల వరస కూడా మనదే, క్రియ చివరనే వస్తుంది. లెక్క: హితొత్సు, ఫుతత్సు, మిత్త్సు, యొత్త్సు, ఇత్సుత్సు. మూడు, నాలుగుల్లో ద్విత్వం ఉంది, అక్కడ ఒక్క క్షణం ఆగాలి. సీసాలకు, గ్లాసులకు వేరే లెక్కలున్నా ఈ ఐదింటితోనే పని నడుస్తుంది.

మనం అడగడం సులభం, వాళ్లు అడిగేది అర్థం చేసుకోవడమే కష్టం. మర్యాద కోసం వాక్యాన్ని సాగదీస్తారు. మొత్తం పట్టుకోవాలని చూడొద్దు, ఒక్క మాట పట్టుకోండి. ‘చూమొన్’ వినపడితే ఆర్డరు గురించి. ఇంకా తేల్చుకోకపోతే ‘మద దెస్’ అనండి. ‘నొమిమొనొ’ అంటే తాగడానికేమన్నా కావాలా అని. ‘సగె’ అంటే ప్లేటు తీసేయమంటారా అని. ‘కొచిర దె ఒమెషిఅగరి’ అంటే ఇక్కడే తింటారా అని. పార్సిలైతే ‘మొచికఎరి దె’ అనండి. ఈ జవాబుతో బిల్లు కూడా మారవచ్చు: 2019 అక్టోబరు నుంచి కూర్చుని తింటే పన్ను 10 శాతం, మద్యం కాని తిండి పార్సిలు తీసుకుంటే 8 శాతం. ఏదైనా వద్దనాలంటే ‘దయిజోబు దెస్’, అచ్చం మన ‘పర్లేదండీ’ లాగే. కానీ అదీ మన మాటలాగే అటూ ఇటూ పోతుంది, కాబట్టి చేత్తో వద్దని సైగ కూడా చేయండి.

మాంసం దగ్గర మాత్రం తొందర పనికిరాదు. గ్యూనికు ఆవు మాంసం, బుతనికు పంది, తొరినికు కోడి, సకన చేప, తమగొ గుడ్డు. ఉత్త ‘నికు’ అంటే మాంసం, కానీ ఒసాకా వైపు ఆ మాటకు ఆవు మాంసమనే అర్థం. ఆవు, పంది రెండూ తినని వాళ్లు ఈ వాక్యం నోటికి పట్టించుకోవాలి: ‘గ్యూనికు తొ బుతనికు వ తబెరరెమసెన్’. ‘బెజితరియన్ దెస్’ అని ఊరుకుంటే చాలదు. ఎందుకంటే మిసో చారులోనూ నూడుల్స్ రసంలోనూ ‘దషి’ ఉంటుంది, దాన్ని ఎక్కువగా ఎండబెట్టి పొగబెట్టిన చేపతో కాస్తారు. వాళ్ల లెక్కలో అది మాంసం కాదు. ‘యసయి ఇతమె’ అంటే కూరగాయల వేపుడే అయినా అందులో పంది ముక్కలు పడటం మామూలు. జపాన్ కర్రీకి వాడే రెడీమేడ్ మసాలా ముద్దలో జంతువుల కొవ్వు కలిసి ఉండొచ్చు. ‘తొన్‌కొత్సు’ రామెన్ (ఒక రకం నూడుల్స్) రసం పంది ఎముకలది. కాబట్టి పదార్థం పేరు చెప్పి అడగండి: ‘సకన నొ దషి వ హయిత్తె ఇమస్ క’, చేప దషి వేశారా? చివరి ‘క’ మన ‘ఉందా’లోని ఆ లాంటిది. జవాబులో తోక మాత్రం వినండి. ‘ఇమస్’ అంటే ఉంది, ‘ఇమసెన్’ అంటే లేదు. పూర్తి శాకాహారం కావాలంటే బౌద్ధ ఆలయాల వంట ‘షోజిన్ ర్యోరి’ వెతకండి.

ఎక్కువ పరిమాణానికి ‘ఓమొరి’, మారు వడ్డనకు ‘ఒకవరి’. కారం అంటే ‘కరయి’, గుర్తుండిపోతుంది. సీమ నాలుకకు చప్పగా తోస్తే ‘ఇచిమి’ అడగండి, అది ఒట్టి మిరపపొడి. ‘షిచిమి’ ఏడు దినుసుల పొడి, అందులో మిరప ఒకటి మాత్రమే. ‘ఇజకయ’ అనే మందు హోటళ్లలో అడగకుండానే ఒక చిన్న గిన్నె వస్తే అది ‘ఒతోషి’, దానికి డబ్బు పడుతుంది, గొడవ పడొద్దు.

ధరల్లో నూరు ‘హ్యకు’, వెయ్యి ‘సెన్’. మూడు ‘సన్’ తర్వాత ఇవి మెత్తబడి సన్‌బ్యకు, సన్‌జెన్ అవుతాయి. బడిలో చదివిన ద్రుత సంధి గుర్తుందా, నకారం తర్వాత పరుషాలు సరళాలయ్యేది? దాదాపు అదే పోకడ. 600 రొప్ప్యకు, 800 హప్ప్యకు. వీటిని మాత్రం విడిగా బట్టీ పట్టాల్సిందే.

సాధనకు పది రోజులు పెట్టుకోండి. మొదటి మూడు రోజులు గుమ్మం నుంచి ఆర్డరు దాకా, తర్వాతి నాలుగు రోజులు మాంసం మాటలు, మిగతా మూడు రోజులు ధరలూ బిల్లూ. రోజుకు ఐదారు మాటలు మించొద్దు. ఉగ్గాని బజ్జీకో కారం దోశకో వెళ్లినప్పుడు బోర్డు మీది ధరకు ఒక సున్నా చేర్చి చదవండి: 60 రూపాయలుంటే 600 యెన్, రొప్ప్యకు ఎన్. ఇద్దరు కలిస్తే ఒకరు సర్వరుగా అడగాలి, పుస్తకం ఆ సర్వరు చేతిలోనే ఉండాలి. తినేవాడు పుస్తకం చూశాడంటే చెవికి పని ఉండదు.

బిల్లుకు ‘ఒకయికే ఒనెగయిషిమస్’, ఎవరిది వాళ్లిస్తే ‘బెత్సుబెత్సు దె’. చాలా చోట్ల చీటీ పట్టుకుని గుమ్మం దగ్గరి కౌంటర్లో కట్టాలి. టిప్పు ఇచ్చే అలవాటు లేదు. బయటికి వస్తూ ‘గొచిసోసమ దెష్త’ అనండి, వడ్డించినవాళ్లకు, వండినవాళ్లకు చెప్పే కృతజ్ఞత అది.