కప్పుల నుంచి గ్రాములకు, 3వ పాఠం: మైదా పేచీ

ఈసారి గింజల సంగతి చెబుదామనుకున్నాను. అది వచ్చే పాఠానికి జరిగింది. పోయినసారి ‘240 మి.లీ. కప్పు మైదా సుమారు 120 గ్రాములు’ అని రాసి, తూచి చూడమన్నాను కదా. చాలామందికి 150 దాకా వచ్చిందట. కొందరు నా లెక్కను అనుమానించారు, కొందరు తూకం మెషీన్‌ను. రెండూ బాగానే ఉన్నాయి. మీరు కప్పును నేరుగా డబ్బాలో ముంచారు, అంతే.

ముంచేటప్పుడు కప్పు పిండిని అదుముతుంది. రేణువుల మధ్య ఉన్న గాలి పోయి, ఆ చోటులో మరో పాతిక ముప్పై గ్రాములు దూరతాయి. 120 రావాలంటే ముందు డబ్బాలోని పిండిని గుల్ల చేయండి. చెంచాతో కప్పులోకి వదిలి, పైన చాకు వీపుతో గీసేయండి. దయచేసి కప్పును తట్టకండి. ‘కాస్త సర్దుకుంటుందని తట్టాం’ అంటారు. సర్దుకోవడం వల్లే కదా బరువు పెరిగింది! మూడు కప్పుల కేకులో ఇలా 90 గ్రాములు ఎక్కువ పడితే అది గట్టిపడక ఏం చేస్తుంది?

పంచదారతో ఈ గొడవ లేదు. ముంచినా పోసినా కప్పుకు 200 దగ్గరే. పొడి మెత్తనయ్యేకొద్దీ పేచీ ఎక్కువ. ‘జల్లించిన మైదా ఒక కప్పు’ అంటే జల్లించాక కొలవాలి, ‘ఒక కప్పు మైదా, జల్లించి’ అంటే కొలిచాక జల్లించాలి. మొదటిది బరువులో తేలిక.

నన్ను నిజంగా విసిగించేది ఇంకొకటి ఉంది. కొలత జాడీ మీది మి.లీ. గీతలను గ్రాములుగా చదవడం. మి.లీ.కి గ్రాము అన్నది నీళ్ల లెక్క. 100 గీత దాకా మైదా పోస్తే 50 గ్రాములు, పంచదార అయితే 83, కోకో 35, ఓట్స్ 38 దగ్గర. మెత్తటి ఉప్పు మాత్రం 120, నీళ్లనే మించిపోతుంది. రేకుల్లాంటి ఉప్పయితే అందులో సగమే ఉండొచ్చు. అరకిలో మైదా కావాలంటే జాడీలో 500 గీత కాదు, 1000 గీత. ఔన్సులోనూ ఇదే ఉచ్చు: బరువు ఔన్సు 28 గ్రాములు, ద్రవ ఔన్సు దాదాపు 30 మి.లీ. పిండిని ద్రవ ఔన్సుల్లో కొలిచి, అదే బరువనుకునేవారికి నా దగ్గర మందు లేదు.

పది గ్రాముల లోపు నేను తూచను, చెంచాతోనే కొలుస్తాను. గ్రాము చొప్పున కదిలే మెషీన్ మీద చెంచాడు ఈస్ట్ తూస్తే, మూడు గ్రాముల్లో ఒకటి అటూఇటూ అవుతుంది. బేకింగ్ పౌడర్‌కూ అంతే.

అభ్యాసం. మీ కప్పును మెషీన్ మీద పెట్టి, సున్నా చేసి, అంచుదాకా నీళ్లు పోయండి. ఎన్ని గ్రాములొస్తే అన్ని మి.లీ. కప్పు అది. తుడిచి, బాగా ఆరాక మైదాను మూడుసార్లు కొత్తగా నింపి తూచి, సగటు రాసుకోండి. ఇక అసలు లెక్క: 250 మి.లీ. కప్పుతో రాసిన వంటకంలో రెండుంబావు కప్పుల మైదా, ముప్పావు కప్పు పంచదార, కప్పులో మూడో వంతు కోకో ఉన్నాయి. ముందు గ్రాముల్లోకి, తర్వాత మీ కప్పులోకి మార్చండి. గ్రాముల్లో మైదా 281, పంచదార 156 రావాలి. కోకో జవాబు మీరే పంపండి.