మెయిల్ వస్తోంది, పోవడం లేదు: నా అనుభవం

మిర్యాలగూడలో మా రైస్ మిల్లు లెక్కలు నేనే చూస్తాను. మొన్న సోమవారం పొద్దున బిల్లులు పంపబోతే ఒక్క మెయిలూ పోలేదు. వచ్చేవి మాత్రం మామూలుగానే వస్తున్నాయి. బయట లారీ లోడై నిలబడి ఉంది. టెన్షన్‌లో పాస్‌వర్డ్ కూడా మార్చాను, ఏం లాభం లేదు. వచ్చే మెయిల్‌కు, పోయే మెయిల్‌కు సెట్టింగులు వేర్వేరు.

ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూస్తే వెంటనే పోయింది. అంటే తేడా మా ఇంటర్నెట్ లైనులోనే. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే, మెయిల్ బయటికి పోయే 25వ పోర్టు (నంబరున్న దారి లాంటిది) మూసేశామన్నారు. వైరస్ పట్టిన కంప్యూటర్లు ఆ దారినే స్పామ్ పంపుతాయి కాబట్టి మూయడం న్యాయమే. కానీ ముందుగా ఒక్క మెసేజ్ పెట్టాల్సింది.

నేను మెయిల్‌కు వాడే థండర్‌బర్డ్ ప్రోగ్రాంలో అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి, అవుట్‌గోయింగ్ సర్వర్ దగ్గర 25 తీసి, మెయిల్ పంపడానికే ఉన్న మరో పోర్టు 587 కొట్టాను. అయినా పోలేదు! చూస్తే, కింద సెక్యూరిటీ గడిలో ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్ (మెయిల్‌ను మధ్యలో ఎవరూ చదవకుండా పంపే ఒక పద్ధతి) అని ఉంది. అది 465వ పోర్టుకు సరిపోయేది. 587కు స్టార్ట్‌టీఎల్ఎస్ అనే మరో పద్ధతి ఉండాలి. యూజర్‌నేమ్‌లో మెయిల్ అడ్రస్ మొత్తం ఉందో లేదో కూడా సరిచూసుకోండి.

అది మార్చి, ముందు నాకు నేనే ఒక మెయిల్ పంపుకున్నాను. వచ్చింది. ఆ తర్వాత అవుట్‌బాక్స్‌లో ఆగిన బిల్లులన్నీ వరసగా కదిలాయి.