మోకీలు మార్పిడి తరువాత ఇంటి సాధన – 3వ పాఠం: ముందు చాపడం, ఆ తరువాతే మడవడం

గత పాఠంలో పాదాన్ని పైకీ కిందకీ ఆడిస్తూ పిక్కల్లో రక్తం నిలిచిపోకుండా చూసుకోవడం నేర్చుకున్నాము. మోకాలు బిగుసుకుపోకుండా కాపాడుకోవడం ఈ పాఠం విషయం. ఇది మోకీలు మార్పిడి జరిగినవారికి మాత్రమే. లిగమెంటు కుట్టించుకున్నవారి నియమాలు వేరు.

ఆపరేషన్ తరువాత కీలులో వాపు నీరు చేరుతుంది. మోకాలు కొద్దిగా మడిస్తే లోపలి ఒత్తిడి తగ్గి హాయిగా ఉంటుంది కనుక, ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ దాని కింద దిండు పెడతారు. మా అమ్మకు నేనూ అలాగే పెట్టాను. పదో రోజున కాలు చాపమంటే, పరుపుకూ మోకాలి వెనుక భాగానికీ మధ్య నా అరచెయ్యి సులువుగా దూరింది. ఆ సందు మూసుకుపోవడానికి మూడు వారాల సాధన పట్టింది. కాలు పూర్తిగా చాపలేనివారు కుంటుతూనే నడుస్తారు, తొడ కండరమూ త్వరగా అలసిపోతుంది. అందుచేత దిండును మోకాలి కింద నుంచి ఈ రోజే తీసివేయండి.

వెల్లకిలా పడుకుని, చుట్టిన తువ్వాలును మడమ కింద పెట్టుకోండి. మోకాలి కింద ఏమీ ఉండకూడదు, కాలివేళ్లు పైకప్పు వైపు చూడాలి. మొదట 5 నిమిషాలు, అలవాటయ్యాక 10 నిమిషాలు, రోజుకు మూడు పూటలా ఇలా ఉండండి. తరువాత తొడ బిగించి, మోకాలిని కిందకు నొక్కుతూ 5 అంకెలు లెక్కపెట్టి వదలండి, ఇది పదిసార్లు.

నొప్పి మాత్రకూ సాధనకూ పొత్తు కుదుర్చుకోవడం చాలామంది మరచిపోతారు. డాక్టరు రాసిన మాత్ర వేసుకున్న అరగంట, ముప్పావుగంటకు మొదలుపెడితే, నొప్పికి బెదిరి కండరం బిగదీసుకోదు. సాధన ముగిశాక పలుచని గుడ్డ చుట్టిన ఐస్ ప్యాక్ 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. లాగుతున్నట్టుండి, ఆపిన కాసేపటికి సద్దుమణిగే నొప్పికి భయపడనక్కరలేదు. రెండు గంటలు దాటినా సలుపు తగ్గకపోయినా, మర్నాటికి వాపు పెరిగినా, సగానికి తగ్గించి చేయండి కానీ పూర్తిగా మానకండి. బలవంతంగా మడిపించే మర్దన చేయించవద్దు. పిక్క వాచి నొప్పిపెట్టినా, జ్వరం వచ్చినా, గాయం నుంచి స్రావం కారినా వెంటనే డాక్టరుకు చూపించండి. ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ వస్తే క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

ఇక మడవడం. కాలు పూర్తిగా చాపి ఉంటే సున్నా డిగ్రీలని లెక్క. మామూలు నడకకు సుమారు 70 డిగ్రీలు చాలు. కుర్చీలోంచి సులువుగా లేవాలంటే 90 దాటాలి. రెండు వారాలకు 90 డిగ్రీలు సాధారణంగా పెట్టుకునే లక్ష్యం, కానీ ఆలస్యమైతే కుంగిపోవద్దు. కుర్చీలో కూర్చుని, పాదాన్ని నేల మీదనే నెమ్మదిగా వెనక్కి జరిపి, బిగువు తెలిసిన చోట 10 అంకెలు ఆగండి. పిరుదు పైకి లేస్తే అది మోకాలు మడిచినట్టు కాదు. కుర్చీ కాళ్లను ఎప్పుడూ నేల మీది ఒకే టైలు గీతకు ఆనించి, బొటనవేలు ఆగిన చోట సుద్దముక్కతో గీత గీసి తేదీ వేయండి. తరువాతి పాఠం నాటికి ఆ గీతల్లో మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఎన్ని వేళ్ల దూరముందో కొలిచి ఉంచండి. మెట్ల సాధన దానిని బట్టే మొదలుపెడతాము.