మోకాలి నొప్పికి తువ్వాలు చుట్ట

మోకాలు నొప్పి అనగానే చాలామంది నడక మానేసి మంచం ఎక్కేస్తారు. మా అమ్మా అంతే. రెండు నెలలకి కుర్చీలోంచి లేవాలంటే చేతుల మీద బరువు మోపాల్సి వచ్చింది. ఫిజియోథెరపిస్ట్ మోకాలికంటే ముందు తొడ పట్టుకు చూసింది. కాలు వాడకపోతే తొడ ముందు కండరం సన్నబడుతుందట, అది మోయాల్సిన బరువంతా కీలు మీద పడి నొప్పి ఇంకా పెరుగుతుందట.

ఆ కండరానికి మళ్లీ బలం రావడానికే ఈ వ్యాయామం. మంచం మీద కాళ్లు చాపి కూర్చుని, తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టండి. మోకాలితో దాన్ని కిందికి నొక్కండి. తొడ గట్టిపడి, మోకాలి చిప్ప కాస్త పైకి జరగడం కనిపిస్తుంది. 5 సెకన్లు ఉంచి వదలండి. ఒక్కో కాలికి 10 సార్లు, రోజుకి రెండు పూటలా. ఊపిరి బిగపట్టొద్దు. అమ్మ అదే పని చేస్తుంటే అంకెలు పైకి లెక్కపెట్టించాను, ఆ అలవాటు పోయింది.

తొడ లాగినట్టుంటే ఫర్వాలేదు. నొప్పి పెరిగి మర్నాటికీ తగ్గకపోతే మాత్రం సంఖ్య తగ్గించండి. మోకాలు వాచి ఎర్రగా, వేడిగా ఉన్నా, కింద పడి దెబ్బ తగిలినా ముందు డాక్టర్‌కి చూపించాలి. వారంలో తేడా తెలియదు, అమ్మకి దాదాపు ఆరు వారాలు పట్టింది.