ఐవీఏ స్వయంబోధిని – 5వ పాఠం: సగం దారిలో సూపర్‌వైజర్ మారితే

ఐవీఏ అంటే అప్పులిచ్చినవారితో చట్టప్రకారం కుదుర్చుకునే వాయిదాల ఒప్పందం, దాన్ని నడిపించేవారే సూపర్‌వైజర్. పోయిన పాఠంలో ఆయన ఏటా పంపే నివేదికను చదవడం నేర్చుకున్నాం. ఆ కాగితాన్ని, ఒక నోటుపుస్తకాన్ని దగ్గర పెట్టుకోండి. ఈ పాఠం ఇంగ్లండ్, వేల్స్‌లో ఐవీఏ కడుతున్నవారికి. స్కాట్లండ్‌లో ఇలాంటి ఒప్పందాన్ని ట్రస్టు డీడ్ అంటారు, దాని దారి వేరు.

ముందుగా అందరూ అడిగే ప్రశ్న. “ఫోను ఎత్తరు, మెయిలుకు జవాబివ్వరు. వేరే ఇన్‌సాల్వెన్సీ ప్రాక్టీషనర్ (అప్పులు, దివాలా కేసులు చూసే లైసెన్సున్న నిపుణుడు) దగ్గరకు వెళ్లిపోవచ్చా?” లాయరును మార్చుకున్నంత తేలిక కాదు. మీ ప్రతిపాదన తయారైనప్పుడు మీ ప్రాక్టీషనర్ నామినీ, అంటే దాన్ని చూసి రుణదాతల ముందు పెట్టే మనిషి. ఓటు వేసిన రుణదాతల బాకీల విలువలో 75 శాతం ఒప్పుకున్నాక సూపర్‌వైజర్ అయ్యారు. అప్పటినుంచి ఆయన మీ తరఫు మనిషీ కాదు, బ్యాంకుల తరఫు మనిషీ కాదు. ఆ ఒప్పందాన్ని నడిపించడమే ఆయన పని. అందుకే మీరొక్కరే వద్దనుకుంటే సరిపోదు.

దారి అసలే లేదని కాదు. 1986 నాటి ఇన్‌సాల్వెన్సీ చట్టం 263వ సెక్షన్ ప్రకారం సూపర్‌వైజర్ నిర్ణయం మీద మీరు కోర్టుకు వెళ్లవచ్చు. ఒకరి స్థానంలో ఇంకొకరిని నియమించే అధికారమూ కోర్టుకుంది. కానీ ఫోను ఎత్తని పాపానికి కోర్టు ఖర్చు పెట్టుకోమని నేను చెప్పను. మొదట ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. పని జరగకపోతే ప్రభుత్వ ఇన్‌సాల్వెన్సీ సర్వీసు ఫిర్యాదుల విభాగానికి పంపండి. లైసెన్సు ఇచ్చిన వృత్తిసంస్థకు దాన్ని వాళ్లే చేరవేస్తారు. అక్కడ మీ మాట నెగ్గినంత మాత్రాన సూపర్‌వైజర్ మారరు, ఆ ఆశ పెట్టుకోకండి.

నిజానికి ఎక్కువమందికి ఈ మార్పు అడక్కుండానే వచ్చిపడుతుంది. పాతాయన రిటైరవుతారు, లేదా లైసెన్సు పోతుంది, లేదా సంస్థ తన కేసులన్నిటినీ మూటగట్టి మరో సంస్థకు అమ్మేస్తుంది. అప్పుడు ఒక్కో కేసుకు ఒక్కో విచారణ ఉండదు. కోర్టు ‘బ్లాక్ ట్రాన్స్‌ఫర్’ అనే ఒకే ఉత్తర్వుతో కేసులను గంపగుత్తగా కొత్త పేరు మీదికి మారుస్తుంది. మీకు తెలిసేది తర్వాత వచ్చే ఉత్తరంతోనే. పేరు, చిరునామా, డబ్బు వేయాల్సిన ఖాతా మారతాయి. నెలవారీ మొత్తం, మిగిలిన నెలలు మారవు. కొత్తవారు వేరే షరతుల కాగితం మీద సంతకం అడిగితే అది ఒప్పందాన్నే మార్చడం. “రుణదాతల ఓటింగు జరిగిందా?” అని అడగనిదే కలం తీయకండి.

ఇప్పుడు సాధన. ఉత్తరం వచ్చిన రోజే డబ్బు దారి మళ్లించకండి, మోసగాళ్లకు ఇలాంటి సందర్భమే కావాలి. ఉత్తరంలోని నంబరుకు కాకుండా మీ పాత కాగితాల మీది నంబరుకు ఫోను చేయండి. కొత్త పేరు ప్రభుత్వం వారి ప్రాక్టీషనర్ల జాబితాలో ఉందో లేదో చూడండి, ఉచితమే. సరిపోయాక బ్యాంకుకు వెళ్లండి. మీది స్టాండింగ్ ఆర్డర్ (నెలనెలా ఇంత పంపమని బ్యాంకుకు మీరిచ్చిన ఆదేశం) అయితే దాన్ని మార్చాల్సింది మీరే. పాతది ఆపి కొత్తది పెట్టడం మరిచిపోతే ఆ నెల వాయిదా ఎగ్గొట్టినట్టే లెక్క.

ఇక నోటుపుస్తకం తెరవండి. లెక్క కోసం ఇలా అనుకుందాం. నెలకు 210 పౌండ్లు, మొత్తం 60 వాయిదాలు, మీరు 31 కట్టారు. అంటే 6,510 పౌండ్లు, ఇంకా 29 మిగిలాయి. కొత్త సంస్థ ఉత్తరంలో మాత్రం “అందినది 6,300, మిగిలినవి 30” అని ఉంది. తేడా సరిగ్గా 210. మీ బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి. 31వ వాయిదా వెళ్లింది 28వ తేదీన, కేసు చేతులు మారింది 25న. డబ్బు పాత ఖాతాలో కూర్చుని ఉంది. ఆ ఒక్క వరుస కింద గీత గీసి, నకలు జతచేసి, మెయిలు రాయండి. భావం ఇలా ఉంటే చాలు: “మీ లెక్కలో 210 పౌండ్లు తక్కువ చూపారు. 28న పాత ఖాతాకు చెల్లించాను, రుజువు జతచేశాను. సరిచేసిన లెక్కను రాతపూర్వకంగా పంపండి.” కోపం, కథ వద్దు.

వాయిదా లెక్క కన్నా చిక్కైనది మాట లెక్క. “ఫోనులో సరేనన్నారు కదా” అని ఊరుకోవడం మనవాళ్లకు అలవాటు. పోయిన ఏడు రెండు నెలల విరామం ఇచ్చారు, ఓవర్‌టైము గురించి ఒక మాట అన్నారు. ఆ అన్న మనిషి ఇప్పుడు అక్కడ లేరు. అలాంటి ప్రతి అనుమతికీ తేదీ, ఎవరు ఇచ్చారు, మెయిలు ఉందా లేదా అని మూడు గళ్లలో రాయండి. మెయిలు లేనివాటిని కొత్త సూపర్‌వైజర్‌కు మీరే ముందుగా తెలిపి, ధ్రువీకరణ అడగండి. వాళ్లంతట వాళ్లు బకాయి అని నోటీసు పంపాక చెబితే అదే మాట సాకులా వినిపిస్తుంది.

ఇంటిపని: వచ్చే పాఠంలోగా ఆ మూడు గళ్ల పట్టిక పూర్తిచేయండి. ఆఖరి వాయిదా తర్వాత వచ్చే పూర్తి ధ్రువపత్రాన్ని సరిచూసేటప్పుడు దాన్నే వాడతాం.