గీత వంకరగా కనిపిస్తోందా? గడి కాగితంతో ఇంట్లోనే పరీక్ష

వరండాలో పరిచిన బేతంచెర్ల బండల మధ్య గీత ఒకచోట వంగినట్టు కనిపిస్తే, శుక్లమే అనుకుని కంటి క్యాంపు వచ్చేదాకా ఆగొద్దు. శుక్లానికి చూపు మసకబారుతుంది గానీ గీత వంగదు. వంగిందంటే ముందు రెటీనానే, అంటే కంటి వెనక వెలుతురును పట్టే పొరనే అనుమానించాలి.

రెటీనాలో వెలుతురును పట్టేవి దండ కణాలు, శంకు కణాలు. వాటిని సాకేది కిందనున్న ఆర్‌పీఈ (రెటినల్ పిగ్మెంట్ ఎపిథీలియం), ఒకే ఒక్క వరుస కణాల పొర. వెలుతురు పట్టే కణం కొసన సన్నటి బిళ్లల దొంతర ఉంటుంది. అందులో రోజుకు సుమారు పదో వంతు రాలుతుంది. రాలినదాన్ని మింగి శుభ్రం చేసేది ఆర్‌పీఈయే. వాడేసిన విటమిన్‌-ఎను మళ్లీ పనికొచ్చేలా మార్చడం, కింది రక్తనాళాల నుంచి గ్లూకోజు అందించడం, ఊరిన నీటిని తోడేయడం కూడా దాని పనే. వయసు మీదపడ్డాక ఆ పొర దెబ్బతింటే చెత్త పేరుకుంటుంది, తిండి అందదు, పైకణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. నీరు చేరితే వాటి వరుస చెదిరి గీత వంకరవుతుంది. రెటీనా నడిమి భాగమైన మాక్యులాకు వచ్చే ఈ జబ్బును బీడీ, సిగరెట్‌ త్వరపెడతాయి.

తెల్లకాగితంపై నల్ల పెన్నుతో 10 సెం.మీ. చదరం గీసి, 5 మి.మీ. గడులుగా విడగొట్టండి. అడ్డం 20, నిలువు 20 వస్తాయి. నట్టనడుమ చుక్క పెట్టండి. చదివే అద్దాలు పెట్టుకుని, మంచి వెలుతురులో, స్కూలు స్కేలంత దూరంలో, అంటే 30 సెం.మీ.లో పట్టుకోండి. ఒక కంటిని అరచేత్తో మూయండి. నొక్కొద్దు, నొక్కితే తెరిచాక కాసేపు ఆ కన్ను మసకే. చూపు చుక్క మీదే ఉంచి, గీతలు వంగాయా, గడులు చెరిగాయా గమనించి, అక్కడే పెన్సిల్‌తో గుర్తుపెట్టి తేదీ వేయండి. తర్వాత రెండో కన్ను.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే: రెండు కళ్లూ తెరిచి చూస్తారు. బాగున్న కన్ను లోపాన్ని కప్పేస్తుంది. చుక్క వదిలి గడుల వెంట చూపు తిప్పినా లోపం దొరకదు.

వారానికోసారి చాలు. మాక్యులా జబ్బుందని డాక్టరు చెప్పినవాళ్లు రోజూ చూసుకోవాలి. కాగితం బాగుందని నిశ్చింతగా ఉండొద్దు, తొలిదశ ఇందులో దొరక్కపోవచ్చు. షుగర్‌ ఉంటే ఏటా రెటీనా పరీక్ష తప్పనిసరి.

కొత్తగా వంకర కనిపిస్తే ఒకట్రెండు రోజుల్లోనే రెటీనా డాక్టరుకు చూపించాలి. కారణం తేల్చేది ఓసీటీ స్కాన్‌, అంటే వెలుతురుతో రెటీనా పొరలను చూపే పరీక్ష. కొత్త రక్తనాళాలు పుట్టి నీరు చేరుతుంటే కంట్లోకి ఇంజెక్షన్లు పనిచేస్తాయి. చచ్చిన కణాలను మాత్రం అవి తిరిగి తేలేవు. కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆ కాగితం, వెంట ఒక మనిషి ఉండాలి. పరీక్ష కోసం కంటిపాప పెద్దదయ్యే మందు చుక్కలు వేశాక కొన్ని గంటలు దగ్గరి అక్షరాలు ఆనవు, బండి నడపకూడదు.