ఎండాకాలంలో అలిపిరి మెట్లెక్కే ముందు

అలిపిరి దారిలో దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. మే నెలలో తెల్లవారుజామునే బయల్దేరండి.

– స్టీలు బాటిల్ పెట్టుకోండి. కొండపైన ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు నిషేధం. దాహం వేసేదాకా ఆగకుండా కాసేపటికోసారి రెండు గుక్కలు తాగండి.

– ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని, దానిమీద రాసినన్ని నీళ్లలో ఒకేసారి కలపాలి. కొంచెం కొంచెం కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. పిల్లలకైతే ఈ కొలత అస్సలు తప్పొద్దు, దయచేసి.

– బీపీ, షుగర్ మాత్రలు చేతిసంచిలోనే. లగేజీ కౌంటర్‌లో ఇచ్చే బ్యాగులో వద్దు.

– మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లు నిటారు. తల తిరిగితే నీడలో కూర్చోండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే తడిబట్టతో తుడుస్తూ వెంటనే 108కి ఫోన్ చేయండి.